రాత్రికి రాత్రి పెరిగిన కూలెంట్: మా ట్రావెలర్ క్యాంపర్ డైరీ

డిసెంబరు 28, ఆదివారం, రాత్రి

అరకు నుంచి మధురవాడ చేరేసరికి తొమ్మిదయింది. పిల్లలు పడుకున్నారు. సామాన్లు రేపు దించుకోవచ్చు గానీ, బండి సంగతి మర్చిపోకముందే రాసిపెట్టుకోవాలని కూర్చున్నాను.

మాది పాత టెంపో ట్రావెలర్. మెర్సిడెస్ టీ1 వ్యాన్ నమూనా మీద వచ్చిన బండి. ఇంజను కూడా ఆ ఇంటిదే, ఓఎం616 వంశానికి చెందిన నాలుగు సిలిండర్ల డీజిల్. మొదట టూరిస్టు బండిగా తిరిగింది. తర్వాత ఒకాయన కొని సీట్లు పీకించి మంచం, వంటగట్టు, పైన నీళ్ళ ట్యాంకు, వెనక చిన్న స్నానాల గది కట్టించుకున్నారు. మేము కొని రెండేళ్ళవుతోంది. ఇంజను చప్పుడు ఎక్కువే కానీ మొండిది. ఇప్పటిదాకా నడిరోడ్డు మీద నన్ను నిలబెట్టలేదు.

నిన్న ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కేటప్పుడు, టైడా తర్వాత టెంపరేచర్ ముల్లు మామూలు చోటు దాటి పైకి వెళ్ళడం మొదలుపెట్టింది. డముకు వ్యూ పాయింట్ దగ్గర పక్కకు తీసి ఆపాను. కూలెంట్ అంటే ఇంజను చల్లబరచడానికి లోపల తిరిగే, మందు కలిపిన నీళ్ళు. దాని ట్యాంకు మూత చుట్టూ సన్నగా ఆవిరి. నలభై నిమిషాలు ఆగి, చేత్తో పట్టుకునేంత చల్లారాక తడి తువ్వాలు వేసి మూత తిప్పాను. లోపల నీళ్ళు కింది గీతకు కూడా అందడం లేదు. దగ్గరున్న నీళ్ళ సీసా ఒకటి మొత్తం పోశాను, అంటే ఒక లీటరు. అక్కడి నుంచి అనంతగిరి, గాలికొండ మీదుగా ముల్లును చూస్తూనే నడిపాను. ఆ రెండు గంటలూ ఒకటే టెన్షన్.

అరకులో రాత్రి పడుకునే ముందు, బండి ఇంకా గోరువెచ్చగా ఉండగానే కూలెంట్ పై గీత దాకా నింపి మూత పెట్టాను. పొద్దున చూస్తే గీతకు రెండు వేళ్ళ ఎత్తు పైకి వచ్చి ఉంది. ఎక్కడో గాలి చిక్కుకుని బయటకు వచ్చిందేమో అనుకున్నాను. బయల్దేరే ముందు ఎప్పటిలాగే పై ట్యాంకు, వేడినీళ్ళ ట్యాంకు రెండూ ఖాళీ చేసేశాను. ఘాట్ దిగి ఇంటికి వచ్చి చూస్తే కూలెంట్ మళ్ళీ తగ్గింది.

బండి కింద ఒక్క చుక్క లేదు.

డిసెంబరు 29

పొద్దున్నే గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు తీసుకెళ్ళాను. అక్కడి మెకానిక్ మూత తీసి, ఇంజను ఒకసారి రేజ్ చేసి, రెండు నిమిషాల్లో తేల్చేశాడు. "హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్. హెడ్ దించాలి, ఫేసింగ్ కొట్టించాలి, ఇరవై ఐదు వేలు పెట్టుకోండి." హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజను బ్లాకుకూ పైనున్న హెడ్డుకూ మధ్య గ్యాసు, నీళ్ళు, ఆయిల్ కలవకుండా ఆపే పలచటి పలక. అది పోతే కూలెంట్ తగ్గే మాట నిజమే. కానీ కూలెంట్ తగ్గిన ప్రతి బండికీ హెడ్ గ్యాస్కెట్టే కారణం కాదు. అతను ఏ టెస్టూ చెయ్యలేదు. ఆలోచించుకుని వస్తానని చెప్పి వచ్చేశాను.

సాయంత్రం మా వీధి చివర షెడ్డులో ఉండే పెద్ద మేస్త్రీ గారి దగ్గరకు వెళ్ళాను. ఆయనకు డెబ్బై దాటాయి. ఇప్పుడు పని చెయ్యరు, కుర్చీలో కూర్చుని చెబుతారు. మొత్తం విన్నాక ఆయన అన్నదొకటే: "ఏటి బాబూ, నీళ్ళు ఎటు పోతన్నాయో సూడకుండా హెడ్డు దించీసి ఏటి లాభం? ముందు ఎంత పోతంది, ఎప్పుడు పోతంది, అది రాసుకో."

ఆ మాట పట్టుకునే ఈ డైరీ కొనసాగిస్తున్నాను.

జనవరి 3

ఐదు రోజుల పాటు కొలతలు తీశాను. ట్యాంకు మీద గీతలు దూరం దూరంగా ఉంటాయి కాబట్టి, తెల్ల టేపు ఒకటి నిలువుగా అతికించి పెన్నుతో సెంటీమీటర్లు గీశాను. దగ్గు మందు మూతతో నీళ్ళు పోస్తూ ఒక సెంటీమీటరుకు ఎన్ని మిల్లీలీటర్లో లెక్క కట్టాను. రోజూ పొద్దున, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, బండి ఒకే చోట చదునుగా ఉన్నప్పుడే చూశాను. వేడి మీద చూస్తే ఆ అంకెకు విలువ లేదు. వేడికి కూలెంట్ వ్యాకోచిస్తుంది, మట్టం పైకే కనిపిస్తుంది.

రెండు రోజులు బండి కదపలేదు, మట్టమూ కదలలేదు. ఒక రోజు భీమిలి వెళ్ళి వచ్చాను, సుమారు 40 కిలోమీటర్లు. మర్నాడు పొద్దున చూస్తే 100 మిల్లీలీటర్లు తగ్గింది. ఇంకో రోజు మళ్ళీ అదే దారి, మళ్ళీ దాదాపు అంతే.

అంటే ఊరికే నిలబడితే పోవడం లేదు. ఇంజను వేడెక్కి, లోపల ప్రెషర్ పెరిగినప్పుడే పోతోంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, వెతకాల్సిన చోట్లు సగానికి తగ్గిపోయాయి. చల్లటి బండిలో కూడా కారే పెద్ద రంధ్రం, వదులు క్లిప్పు లాంటివి పక్కకు పోయాయి.

రాత్రిళ్ళు ఇంజను కింద పెద్ద అట్ట పరిచి ఉంచాను. ఆయిల్ మరకలు రెండు పడ్డాయి. కూలెంట్ మరక ఒక్కటీ లేదు.

జనవరి 4, ఆదివారం

ఈ రోజంతా బండి కిందే. డ్రైవరు పక్కనున్న ఇంజను కవర్ తీసేసి, టార్చి పెట్టి, పైనుంచి కిందిదాకా ప్రతి హోసూ చేత్తో తడిమి చూశాను. రేడియేటర్ పై హోసు, కింది హోసు, థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాక తెరుచుకుని కూలెంట్ ను రేడియేటర్ లోకి వదిలే కవాటం) గూడు, రేడియేటర్ పక్క అంచులు. కూలెంట్ కారిన చోట నీరు ఆవిరైపోయాక రంగు పొరలాగా మిగిలిపోతుంది. మనం వెతకాల్సింది తడిని కాదు, ఆ పొరను.

వాటర్ పంపు దగ్గర దొరికింది. పంపును మేస్త్రీలు వాటర్ బాడీ అంటారు. దాని అడుగున చిన్న రంధ్రం ఒకటి కావాలనే పెడతారు. లోపలి సీలు అరిగితే నీళ్ళు బేరింగులోకి పోకుండా ఆ రంధ్రం గుండా బయటపడి మనకు తెలియాలని. మా పంపు రంధ్రం కింద పచ్చటి చార ఒకటి ఎండి ఉంది. చూడగానే ప్రాణం లేచొచ్చింది. పంపు మారిస్తే అయిపోతుంది కదా అనుకున్నాను.

కానీ ఆ చార నిన్నటిదా, నాలుగేళ్ళ కిందటిదా? పాత టూత్ బ్రష్షు, వేడినీళ్ళతో దాన్ని పూర్తిగా కడిగేశాను. గుడ్డతో తుడిచి ఆరబెట్టాను. తర్వాత పిల్లల టాల్కం పౌడర్ అరచేతిలో పోసుకుని ఆ భాగమంతా ఊదాను. ఇంజను ముందు భాగం ముగ్గుపిండి చల్లినట్టు తెల్లబడింది. ఆ పొడి మీద ఒక్క చుక్క జారినా గీత పడుతుంది, ఆ గీత ఎక్కడ మొదలైందో కూడా తెలుస్తుంది. ఫ్యాను గాలికి కొంత పొడి ఎగిరిపోతుంది గానీ, పంపు అడుగున ఉన్నది నిలుస్తుంది.

అరగంట సేపు ఊళ్ళో తిప్పి తెచ్చి చూశాను. పంపు కింద పొడి పొడిలాగే ఉంది. గీత లేదు. ఆ చార పాతదే. పంపు మార్చి ఉంటే మూడు నాలుగు వేలు పోయేవి, కూలెంట్ మాత్రం అలాగే తగ్గేది.

డిప్‌స్టిక్ తీసి చూశాను. ఆయిల్ నల్లగానే ఉంది, కూలెంట్ కలిస్తే వచ్చే కాఫీ రంగు నురగ లేదు. పొద్దున చల్లటి ఇంజను స్టార్ట్ చేసి వెంటనే పై హోసు నొక్కి చూశాను, మెత్తగా ఉంది. సిలిండర్లలోంచి గ్యాసు కూలెంట్‌లోకి తోసుకొస్తుంటే ఇంజను వేడెక్కకముందే హోసు గట్టిపడుతుంది. ఇవేవీ పూర్తి రుజువు కావు. కానీ ఇరవై ఐదు వేల మాట కొంచెం దూరం జరిగింది.

జనవరి 10

రెండు పరికరాలు చేతికొచ్చాయి. ఒకటి కూలింగ్ ప్రెషర్ టెస్టర్, మేస్త్రీ గారి అబ్బాయి దగ్గర అరువు తెచ్చుకున్నది. సైకిల్ పంపులాగే ఉంటుంది. ట్యాంకు మూత చోట బిగించి గాలి కొడితే, ఇంజను చల్లగా ఉండగానే లోపల ప్రెషర్ తెప్పించి ముల్లు చూడొచ్చు. రెండోది గ్యాస్ టెస్ట్ కిట్, నేనే కొన్నాను.

ముందు మూతను టెస్టర్‌కు బిగించి చూశాను. దాని మీద 0.9 బార్ అని ఉంది, అంటే అంత ప్రెషర్ దాకా పట్టి ఉంచాలి. 0.4 దగ్గరే బుస్సుమని వదిలేసింది. తిప్పి చూస్తే లోపలి రబ్బరు వాషరు ఒక పక్క పగిలి ఉంది.

ఈ మూత మీద ఒక మాట చెప్పాలి, చాలామంది దీన్ని ఉత్త మూతే అనుకుంటారు. సముద్ర మట్టం దగ్గర మామూలు నీళ్ళు 100 డిగ్రీలకు మరుగుతాయి. మీద 0.9 బార్ ప్రెషర్ ఉంటే దాదాపు 118 దాకా మరగవు. ఘాట్‌లో ఇంజను బతికేది ఆ పద్దెనిమిది డిగ్రీల మీదే. అదే గాలికొండ ఎత్తులో, అంటే సుమారు 1300 మీటర్ల దగ్గర, మూత పూర్తిగా పాడైతే నీళ్ళు 96 డిగ్రీలలోపే మరిగిపోతాయి. కొండ ఎక్కే కొద్దీ ఇంజను మీద బరువు పెరుగుతుంది, నీళ్ళు మరిగే హద్దు తగ్గుతుంది. రెండు వైపులా నష్టమే. డముకు దగ్గర ఆవిరి ఎందుకొచ్చిందో దీంతో తెలిసింది. కొత్త మూత 350 రూపాయలు.

అయితే భీమిలి దారి చదునుగా ఉంటుంది. అక్కడ ముల్లు మామూలుగానే ఉంది, ఆవిరి రాలేదు. అయినా 100 మిల్లీలీటర్లు పోయాయి. అందుకే మూతతో కథ ముగిసిందనుకోలేదు.

టెస్టర్ ట్యాంకుకు బిగించి 0.9 దాకా గాలి కొట్టాను. అరగంటకు 0.7కు పడింది. టెస్టర్ జాయింట్ల మీద సబ్బు నురగ పూసి చూశాను, అక్కడ గాలి పోవడం లేదు. మళ్ళీ కొట్టాను, మళ్ళీ అంతే. సన్నటి హోసు ముక్క చెవిలో పెట్టుకుని ఇంజను చుట్టూ విన్నాను. ఎక్కడా సుయ్ మనలేదు. ఎక్కడా తడి లేదు. పోతోందని ముల్లు చెబుతోంది, ఎటు పోతోందో కంటికి కనిపించడం లేదు. బయటికి పోకపోతే లోపలికే పోవాలి. మళ్ళీ హెడ్ గ్యాస్కెట్ గుర్తొచ్చింది.

గ్యాస్ టెస్ట్ చేశాను. గాజు గొట్టంలో నీలం ద్రవం పోసి ట్యాంకు నోటి మీద పెట్టి, లోపలి గాలిని ఆ ద్రవం గుండా పీలుస్తారు. ఆ గాలిలో సిలిండర్ గ్యాసు, అంటే కార్బన్ డయాక్సైడ్ ఉంటే నీలం రంగు మారి ఆకుపచ్చగానో పసుపుగానో అవుతుంది. డీజిల్ ఇంజను ఐడిల్‌లో ఉన్నప్పుడు గాలి ఎక్కువ, మంట తక్కువ. కాబట్టి రెండు నిమిషాలు చూసి వదిలేస్తే మోసపోతాం. కొమ్మాది దాకా తిప్పి బాగా వేడెక్కించి తెచ్చాను. మూత మీద మందపాటి తడి గుడ్డ కప్పి, ప్రెషర్ మొత్తం మెల్లగా పోయేదాకా ఆగి తీశాను. ద్రవంలోకి కూలెంట్ రాకుండా ట్యాంకు మట్టం కొంచెం తగ్గించి, రేజ్ చేస్తూ పది నిమిషాలు పీల్చాను. చివరిదాకా నీలం నీలంగానే ఉంది. అనుమానం మిగలకూడదని అదే ద్రవాన్ని సైలెన్సర్ పొగ మీద పట్టాను. క్షణాల్లో రంగు మారింది. ద్రవం మంచిదే, హెడ్ గ్యాస్కెట్ కూడా మంచిదే.

రిఫ్రాక్టోమీటర్‌తో కూలెంట్ చిక్కదనం కూడా చూశాను. ఒక చుక్క గాజు మీద వేసి వెలుతురుకు పెట్టి చూస్తే చాలు. నవంబరులో నేనే సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ పోశాను. ఆ కలయిక మైనస్ 37 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఇప్పుడు చూస్తే మైనస్ 20 దగ్గరే ఉంది. విశాఖలో గడ్డకట్టడంతో మనకు పనిలేదు, కానీ ఎంత పలచబడిందో ఆ అంకే చెబుతుంది. ఘాట్‌లో పోసిన ఒక్క లీటరుతో ఇంత పలచబడదు. నేను పొయ్యని నీళ్ళు దీంట్లోకి ఎక్కడివి?

జనవరి 11

రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. కూలెంట్ తగ్గుతోంది, అదే సమయంలో పలచబడుతోంది. అంటే ఏదో ఒక దారిలో ఇది బయటికి పోతోంది, అదే దారిలో వేరే నీళ్ళు లోపలికి వస్తున్నాయి. అరకులో పొద్దున గీత దాటి రెండు వేళ్ళు పెరిగిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. గాలి బయటకు వస్తే మట్టం తగ్గాలి గానీ పెరగదు. గోరువెచ్చగా ఉన్నప్పుడు నింపినది చల్లారాక ఇంకా తగ్గాలి. ఆ ఒక్క గమనికను గాలి మీద తోసేసి నేను రెండు వారాలు పోగొట్టుకున్నాను.

బండిలో ఇంకెక్కడ నీళ్ళున్నాయి? స్నానానికి.

వెనక స్నానాల గది పక్కన పదిహేను లీటర్ల స్టీలు ట్యాంకు ఉంది. ముందు యజమాని పెట్టించినది. ఇంజను నుంచి రెండు హోసులు నేల కింద నుంచి వెనక్కి వెళ్ళి, ఆ ట్యాంకులో ఉన్న రాగి గొట్టం చుట్టలోకి పోతాయి. వేడి కూలెంట్ ఆ చుట్టలో తిరుగుతుంటే చుట్టూ ఉన్న నీళ్ళు వేడెక్కుతాయి. దానికి నీళ్ళు పైకప్పు ట్యాంకు నుంచి వాటంతట అవే దిగుతాయి, మోటారు లేదు. ఘాట్ ఎక్కి దిగేసరికి స్నానానికి వేడినీళ్ళు తయారు. చలికాలం అరకులో అంతకు మించిన సుఖం లేదని మేమంతా మురిసిపోయేవాళ్ళం.

కనిపెట్టడం సంగతి సరే, రుజువు కావాలి. ఇంజను దగ్గర ఆ రెండు హోసులు బయల్దేరే చోట ఒక్కోదానికి రెండు వైపులా చెక్క ముక్కలు పెట్టి, బిగించి పట్టే వైస్ గ్రిప్‌తో నొక్కి పట్టాను. చెక్క లేకుండా నేరుగా నొక్కితే హోసు చీలుతుంది. ఇప్పుడు ఇంజను, రేడియేటర్ ఒక వైపు, వెనక లైను మొత్తం ఇంకో వైపు. 0.9 కొట్టి గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. పది నిమిషాలు. అరగంట. గంట. ముల్లు అంటించినట్టు అక్కడే ఉంది.

గ్రిప్పులు వదిలాను. ముల్లు మళ్ళీ మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

ఇంజనుకూ రేడియేటర్‌కూ వంక లేదు. ఈ ఒక్క టెస్టు మొదటి రోజే చేసి ఉండొచ్చు. పెద్ద వ్యవస్థలో ఎక్కడో లోపం ఉందంటే ఒక్కో భాగాన్నీ చూసుకుంటూ పోవడం కన్నా మధ్యలో కట్టేసి ఏ సగంలో ఉందో చూడటం మేలు. మేస్త్రీ గారికి ఫోన్ చేసి చెబితే "ఇప్పుడు దొరికినాడు దొంగ" అన్నారు.

జనవరి 16, కనుమ

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ప్రయాణాలు లేవు. మినప గారెలు తిని బండి ఎక్కాను.

వెనక వంటగట్టు కింద ప్లైవుడ్ పలక తీశాను. హోసులు పొడిగా ఉన్నాయి. క్లిప్పులు గట్టిగా ఉన్నాయి. నేల తడి లేదు. ఇక ట్యాంకు. అరకు నుంచి బయల్దేరేటప్పుడు ఖాళీ చేసినది, ఆ తర్వాత నీళ్ళు పట్టలేదు. పొడిగా ఉండాలి. అడుగున ఉన్న కాక్ కింద తెల్ల బకెట్ పెట్టి తిప్పాను.

పచ్చటి నీళ్ళు వచ్చాయి. మొదట సన్నటి ధార, తర్వాత చుక్కలు. వేళ్ళ మధ్య రుద్దితే నూనెలాగా జారుతోంది. కొలిస్తే దాదాపు అర లీటరు. అరకు తిరుగు ప్రయాణంలో పోయినది, భీమిలి రెండుసార్లు, నా ప్రెషర్ టెస్టులు, అన్నీ కలిపితే అంతే. నా టేపు లెక్క, బకెట్ లెక్క కలిశాయి.

ఇంజను వేడి మీద ఉన్నప్పుడు కూలెంట్ ప్రెషర్ ఎక్కువ, అది రంధ్రం గుండా స్నానం నీళ్ళలోకి వెళ్ళేది. రాత్రి ఇంజను చల్లారాక ప్రెషర్ పోయేది. అప్పుడు పైకప్పు ట్యాంకు బరువుకు స్నానం నీళ్ళు అదే రంధ్రం గుండా కూలెంట్‌లోకి దిగేవి. పగిలిన మూత గాలిని ఆపలేదు కాబట్టి కూలెంట్ ట్యాంకులో మట్టం పెరుగుతూ పోయింది. ఇంటి దగ్గర నీళ్ళ ట్యాంకులు ఖాళీ కాబట్టి రెండు రోజులు నిలబెట్టినా ఏమీ జరగలేదు.

అప్పుడు పాప మాట గుర్తొచ్చింది. అరకులో స్నానం చేసి వచ్చి, "నాన్నా, నీళ్ళు జిగటగా ఉన్నాయి, సబ్బు పోవట్లేదు" అంది. అక్కడి నీళ్ళు మెత్తన, అలాగే ఉంటుందని చెప్పి పంపించేశాను.

కూలెంట్‌లో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. అది విషం. లోపలికి పోతే మూత్రపిండాలు పాడవుతాయి, ప్రాణం మీదికి వస్తుంది. పైగా చేదుగా ఉండదు, తియ్యగా ఉంటుంది. ఇంట్లోకి వెళ్ళి అందరినీ కూర్చోబెట్టి అడిగాను. పళ్ళు ఏ నీళ్ళతో తోముకున్నారు? పుక్కిలించింది ఏ నీళ్ళు? మా ఆవిడ తేల్చి చెప్పింది. తాగడానికి, వంటకు, పళ్ళు తోముకోవడానికి ఇరవై లీటర్ల క్యాన్ నీళ్ళే. వేడినీళ్ళ కుళాయి స్నానాల గదిలో తప్ప ఇంకెక్కడా లేదు. "మీరు అంత కంగారు పడకండి, పిల్లలు బాగానే ఉన్నారు" అంది. బాగానే ఉన్నారు. అయినా ఆ సాయంత్రం చాలాసేపు నా చెయ్యి పనిలో పడలేదు.

బకెట్‌లోని కూలెంట్ కాలువలో పొయ్యలేదు. వీధి కుక్కలు తీపికి నాకుతాయి. డబ్బాలో పోసి, పాత ఆయిల్ పట్టుకెళ్ళే వాళ్ళకు ఇవ్వడానికి మూత బిగించి పెట్టాను.

జనవరి 17

ట్యాంకు ఊడదీశాను. చుట్టలోనే రంధ్రం ఉందని కళ్ళతో చూడాలి. రాగి చుట్ట ఒక కొసను రబ్బరు బిరడాతో మూశాను. రెండో కొసకు ప్రెషర్ పంపు. ట్యాంకుకు ఉన్న మిగతా దారులన్నీ మూసి, ఒక్కదానికి మాత్రం సన్నటి ప్లాస్టిక్ గొట్టం తగిలించి దాని కొసను స్టీలు గ్లాసులో నీళ్ళల్లో ముంచాను. చుట్టకు రంధ్రం లేకపోతే గ్లాసు నీళ్ళు కదలకూడదు.

పంపు కొట్టాను. కొంతసేపు ఏమీ లేదు. తర్వాత గొట్టం కొస దగ్గర ఒక బుడగ ఉబ్బి, అంచు పట్టుకుని వేలాడి, తెగి పైకి వచ్చింది. దాని వెనక ఇంకోటి. వాచీ పెట్టి చూస్తే మూడు సెకన్లకొకటి. పాప కూడా పక్కన కూర్చుని లెక్కపెట్టింది. మూడు వారాలుగా నేను వెతుకుతున్నది ఆ గ్లాసులో కనిపించింది.

వెల్డింగ్ షాపులో ట్యాంకు పై మూత కోయించాను. రాగి గొట్టం స్టీలు గోడలోంచి బయటకు వచ్చే చోట, అతుకు పక్కనే సూది మొనంత రంధ్రం. చుట్టూ ఆకుపచ్చ చిలుము. గొట్టం కోసి చూస్తే లోపల ఇటుక రంగు బురద పొర. పాత యజమాని రోజుల్లో బోరు నీళ్ళు పోసిన గుర్తు అది. బోరు నీళ్ళలో ఉప్పులు, కాల్షియం వేడికి పొరకడతాయి. పొర కింద లోహం తినుకుపోతుంది. తుప్పును ఆపే మందులు ఉండేది కూలెంట్‌లోనే, ఉత్త నీళ్ళలో ఉండవు. పైగా రాగి, స్టీలు రెండు వేర్వేరు లోహాలు నీళ్ళలో పక్కపక్కన ఉంటే అతుకు దగ్గర తినుకుపోవడం ఇంకా తొందరగా జరుగుతుంది. ఇందులో బండి తయారుచేసిన వాళ్ళ తప్పేమీ లేదు, ఈ ట్యాంకు తర్వాత పెట్టించినది.

జనవరి 18 ఆదివారం, 19 సోమవారం

మరమ్మతు సులభంగా అయిపోయింది. వెనక లైను మొత్తం తీసేశాను. ఇంజను దగ్గర ఆ రెండు నోళ్ళను చిన్న యూ ఆకారపు హోసుతో కలిపేశాను. థర్మోస్టాట్ గూడు విప్పితే లోపల థర్మోస్టాట్ లేదు. ఎండాకాలంలో వేడెక్కుతోందని ఎవరో తీసి పారేసి ఉంటారు. మన దగ్గర చాలామంది చేసే పనే ఇది, నాకు అస్సలు నచ్చదు. అది లేకపోతే ఇంజను పని వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, అసలు జబ్బు మాత్రం దాక్కుంటుంది. 80 డిగ్రీల దగ్గర తెరుచుకునే కొత్తది వేశాను. వేసే ముందు గిన్నెలో నీళ్ళు కాచి, తెరుచుకుంటోందో లేదో చూసి మరీ వేశాను.

పాత నీళ్ళు దించి, శుభ్రమైన నీళ్ళతో మూడుసార్లు కడిగాను. మొదటిసారి టీ రంగు, మూడోసారి తెల్లగా వచ్చింది. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ నింపాను. బండి ముందు భాగం ఎత్తుగా ఉండేలా మా గేటు వాలు మీద పెట్టి, మూత తీసి ఇంజను ఐడిల్‌లో ఉంచి, బుడగలు ఆగేదాకా పోస్తూ వచ్చాను. కొత్త మూత బిగించి ప్రెషర్ టెస్ట్ చేశాను. గంటన్నర, 0.9 దగ్గరే.

సాయంత్రం సింహాచలం ఘాట్ ఎక్కి, అప్పన్న దర్శనం చేసుకుని దిగాను. మర్నాడు పొద్దున టేపు మీద మట్టం పెన్ను గీత మీదే ఉంది.

జనవరి 26

అసలు పరీక్ష అయింది. నిన్న పొద్దున బయల్దేరి అరకు వెళ్ళి, ఒక రాత్రి ఉండి, ఇప్పుడే వచ్చాము. అదే దారి, అదే బరువు, నలుగురం. టైడా తర్వాత మలుపుల్లో సెకండ్ గేరులో ఎక్కుతుంటే ముల్లు కొంచెం లేచింది, థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోగానే మళ్ళీ తన చోటికి వచ్చి నిలబడింది. డముకు దగ్గర ఆగాము, ఈసారి టీ కోసం. గాలికొండ దగ్గర పాప నా కన్నా ముందు ముల్లు చూసి "మధ్యలోనే ఉంది నాన్నా" అంది.

అరకులో పొద్దున మూత తియ్యకుండా టార్చి వేసి చూశాను. మట్టం గీత మీదే. ఇంటికి వచ్చాక చల్లారనిచ్చి మళ్ళీ చూశాను. అక్కడే.

వేడినీళ్ళ ట్యాంకు ఖాళీ చోటు ఇంకా అలాగే ఉంది. వెల్డింగ్ షాపు అతను కొత్త రాగి చుట్ట వేసిస్తానన్నాడు. వద్దన్నాను. విషానికీ, పిల్లల ఒంటి మీద పడే నీళ్ళకూ మధ్య ఒక్క పలచటి రాగి గోడ ఉండే ఏర్పాటు ఇక నా బండిలో ఉండదు. గ్యాస్ గీజర్ పెట్టుకోమని కొందరన్నారు. తలుపులు మూసి పడుకునే బండిలో దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ సంగతి తెలిసి అదీ పెట్టను. కరెంటు దొరికే చోట బకెట్‌లో హీటర్ రాడ్, దొరకని చోట బయట స్టవ్ మీద గిన్నె. ఈసారి అరకులో స్నానాలు అలాగే అయ్యాయి. పొద్దున చలిలో గిన్నె కాగేదాకా పిల్లలు దుప్పట్లు కప్పుకుని స్టవ్ చుట్టూ నిలబడ్డారు.

టేపు మాత్రం ట్యాంకు మీద నుంచి తియ్యలేదు.